ఫినాయిల్ పిన్ని శుభ్రం

ఆ నర్సింగ్ హోములో ఆవిడ అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ తెలియదు. డాక్టరమ్మ మొదలుకుని గేటు దగ్గర వాచ్‌మన్ వరకు అందరికీ ఆవిడ ఫినాయిల్ పిన్ని. తుడుపు కర్రా బకెట్టూ పట్టుకుని వస్తుంటే మనిషికన్నా ముందు వాసన వచ్చేది మరి. ఆ పేరుకి ఆవిడ ఏనాడూ కోపం తెచ్చుకోలేదు సరికదా, లోలోపల మురిసిపోయేది కూడా. "మనిషన్నాక ఏదో ఒక వాసన రాక మానదు. నా దగ్గర మంచి వాసనే వస్తోంది కదా" అనేది.

ఆవిడ తుడిచిన గచ్చు మీద కాలు పెట్టడానికి రోగులకే మొహమాటంగా ఉండేది. కొందరు చెప్పులు విప్పి చేత్తో పట్టుకునేవారు. కుళాయి మెడ చుట్టూ పేరుకునే జిడ్డు కోసం, తలుపు మూలల కోసం పాత పళ్ళ బ్రష్షు ఒకటి కోటు జేబులో పెట్టుకు తిరిగేది. అన్నిటికన్నా ఆవిడకు ప్రాణం పరీక్ష గదిలో బల్ల. ఆడవాళ్ళు వెల్లకిలా పడుకుని కాళ్ళు రెండు పక్కలా ఎత్తి ఆనించుకునే బల్ల అది. ఒకరు దిగగానే పైన పరిచిన గుడ్డ లాగేసి, రెగ్జిన్‌ను తల దగ్గర మొదలుపెట్టి కాళ్ళవైపుకు తుడిచేది. కాళ్ళ దగ్గర మొదలుపెట్టి తలవైపుకు వచ్చిన ఆయాకు ఆ పూట మూడినట్టే. అన్నేళ్ళు ఆ బల్ల తుడిచింది గానీ ఒక్కసారీ దాని మీదకు ఎక్కలేదు. ఎక్కాల్సిన అవసరం వచ్చి కూడా ఎక్కలేదు. నేను చెప్పబోయేది అదే.

నెలసరి ఆగిపోయిన కొన్నాళ్ళకు ఆవిడకు దురద మొదలైంది. ఎక్కడ అంటే, చెప్పుకోలేని చోట. అందరూ అలాగే అంటారు, అని అక్కడితో ఆపేస్తారు. ఆపేయబట్టే ఇంత దూరం వచ్చింది గనుక నేను ఆపను. మూత్రం పోసే చోట, దాని చుట్టూ, రెండు పక్కలా ఉండే మడతల మీద. మొదట్లో చీమ పాకినట్టు ఉండేది. పనిలో పడితే మరిచిపోయేది. ఇంటికి వచ్చి, అన్నం తిని, నడుం వాల్చగానే మొదలయ్యేది అసలు బాగోతం. గోకితే ఒక నిమిషం హాయి, ఆ తర్వాత మంట, మంట తగ్గేసరికి మళ్ళీ దురద.

ఇక్కడ ఆవిడ బుర్రలో ఏం జరిగిందో చెప్పాలి. వృత్తి మనిషి చేతుల్లోనే ఉండదు, తలకు కూడా ఎక్కుతుంది. ఆవిడకు తెలిసిన ప్రపంచంలో ప్రతి బాధకూ ఒకటే మూలం, మురికి. బాత్రూములో వాసన వచ్చిందంటే మురికి. పురుగు తిరిగిందంటే మురికి. మురికి ఎక్కడుంటే అక్కడ మందు పొయ్యాలి. పోసినా పోలేదంటే ఇంకా ఎక్కువ పొయ్యాలి. దురద వచ్చిందంటే మరి తన ఒంట్లో మురికి ఉన్నట్టే కదా. ఆ మాట అనుకోగానే ఆవిడ ఒళ్ళంతా సిగ్గుతో కుంచించుకుపోయింది. ఊరంతటికీ శుభ్రం నేర్పే మనిషికి ఇదేం ఖర్మ.

నర్సింగ్ హోములో గాయాలు కడిగే మందు ఒకటుంది. మూతెడు వేస్తే బకెట్టెడు నీళ్ళూ పాలలా తెల్లబడతాయి. ఆవిడ దాన్ని తెల్లమందు అనేది. బజార్లో అలాంటి సీసా ఒకటి కొనుక్కుని, స్నానాల గదిలో తలుపు గడియ పెట్టుకుని, సబ్బుతో రుద్ది, ఆ తెల్లనీళ్ళతో కడుక్కుంది. ప్రాణం పోయినంత మంట పుట్టింది. పళ్ళు బిగబట్టి నిలబడింది. మంట పుట్టిందంటే మందు పని చేస్తున్నట్టేనని ఆవిడ నమ్మకం. ఆ మంటలో దురద కాసేపు తెలియలేదు కూడా. దాంతో పొద్దునా సాయంత్రమూ అదే పని. మూతెడు కాస్తా రెండు మూతలయింది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడేది. మంటకు ఓర్చుకోవడమే వైద్యం అనుకుంది పిచ్చిది.

ఇంకో సంగతి. నర్సింగ్ హోము దుప్పట్లను ఆవిడ డాబా మీద మండుటెండలో ఆరేసేది. ఎండను మించిన మందు లేదని ఆయాలకు పాఠం చెప్పేది. తన లోబట్టలు మాత్రం స్నానాల గది తలుపు వెనక మేకుకు తగిలించి, పైన తువ్వాలు కప్పేది. గాలి తగలదు, వెలుతురు సోకదు, తెల్లారేసరికి ఆరేవి కావు. ఆ తడి బట్టే తొడుక్కుని పనిలోకి వెళ్ళేది. అడిగితే చెప్పేది కూడా, "ఆడవాళ్ళ బట్టలు పదిమంది కళ్ళ ముందు ఎలా ఆరేస్తాం?" అని. అడిగేవాళ్ళు మాత్రం ఎవరున్నారు.

తెల్లమందుకు లొంగకపోయేసరికి మందుల షాపుకు వెళ్ళింది. కౌంటరు వెనక ఉన్నది మగమనిషి. వెనక్కి తిరిగిపోదామనుకుని, అంతలో ఉపాయం తట్టి, "మా ఇంటాయనకు గజ్జల్లో తామరయ్యా, ఏదైనా పూతమందు ఇయ్యి" అంది. అతను ఒక ట్యూబు తీసి ఇచ్చాడు. అది రాస్తే మొదట్లో నిజంగానే తగ్గింది. ట్యూబు అయిపోగానే అసలుకు వడ్డీ కలిసినట్టు తిరిగొచ్చింది. మళ్ళీ ఇంటాయన పేరు చెప్పి మళ్ళీ తెచ్చింది. అలా మొగుడికి లేని తామర అంటగట్టి చాలాకాలం నెట్టుకొచ్చింది.

ఆ ఇంటాయన సంగతి కూడా చెప్పాలి. మిక్సీలు, ఫ్యాన్లు, నీళ్ళ మోటార్లు బాగుచేస్తాడు. ఆవిడ పిన్ని కాబట్టి ఆయన మిక్సీ బాబాయి. రెండు షట్టర్ల మధ్య సందులో బల్ల వేసుకుని పొద్దస్తమానం రాగి తీగ చుడుతూ కూర్చుంటాడు. మాట తక్కువ మనిషి. ఆ తక్కువ మాటల్లో కూడా సగం మోటార్లతోనే. ఒంటి మీద ఎప్పుడూ మాడిన తీగ వాసన, చేతులకు నల్లటి గ్రీజు. పెళ్ళైన కొత్తలో ఆవిడ ఆ చేతులు పట్టుకుని సున్నిపిండితో రుద్ది రుద్ది కడిగేదట. ఆయన నవ్వుతూ కూర్చునేవాడట.

ఇప్పుడు ఆవిడ మంచం దిగి వంటగదిలో చాప వేసుకుంది. పక్కన మనిషి ఉంటే గోక్కోవడం కుదరదు. ఆయన చెయ్యి వేస్తే ఉలిక్కిపడేది. దగ్గరికి వస్తే నొప్పితో ప్రాణం విలవిల్లాడేది. నడుం నొప్పి అంది, ఉక్క అంది, ఫ్యాను గాలి పడదంది. ఆయన ఒక్క మాటా రెట్టించలేదు. "నీ ఇష్టం" అన్నాడు. ఆ మధ్యే ఆయనకు కొత్తగా ఒక అలవాటు పట్టుకుంది. కొట్టు నుంచి రాగానే పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని చేతులు కిరసనాయిల్‌తో తోమి, బట్టల సబ్బుతో మళ్ళీ తోమి, తలమీదుగా నీళ్ళు గుమ్మరించుకుని గానీ ఇంట్లోకి వచ్చేవాడు కాదు. "ఇన్నాళ్ళకు బుద్ధొచ్చింది" అనుకుంది ఆవిడ. ఎందుకొచ్చిందో అడగలేదు. తేలు కుట్టిన దొంగలా తన బాధతో తాను ఉండగా ఇంకొకరి అలవాట్లు ఎవరిక్కావాలి.

సరే, ఇంట్లో చెప్పుకోలేకపోయింది. డాక్టరమ్మకు చెప్పడానికేం? రోజూ ఆ గదిలోనే కదా ఉంటుంది. డాక్టరమ్మ చెడ్డ మనిషా అంటే కాదు. ఆయాలకు జ్వరమొస్తే తన కారులో ఇంటికి పంపే మనిషి. కానీ ఆవిడకొక మాట ఊతపదంలా ఉండేది. ఆడవాళ్ళు ఎవరైనా దురద అని, తెల్లబట్ట అని వచ్చినప్పుడు, చేతికి తొడుగు వేసుకుంటూ, "శుభ్రంగా ఉండాలమ్మా" అనేది. అని, తెర పక్కన నిలబడ్డ పిన్ని వైపు చెయ్యి చూపించి, "మా పిన్నిని చూడు, ఎంత శుభ్రంగా ఉంటుందో. రోజంతా మురికిలో పనిచేస్తుంది, ఒక్క జబ్బు లేదు" అనేది. ఆ మాట వెనక ఉద్దేశం ఏమీ లేదు. వచ్చిన మనిషిని నవ్వించడానికి అనేది. పిన్ని కూడా నవ్వేది. నవ్వుతూ, నిలబడ్డచోటే తొడలు బిగించుకునేది.

ఆ మాట విన్నాక ఇంకేం చెబుతుంది? చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఆవిడకు ప్రాణం సంగతి తెలియదు. మానం సంగతి బాగా తెలుసు. జీవితంలో ఆవిడ సంపాదించుకున్నది శుభ్రమైన మనిషి అన్న పేరొక్కటే. అది డాక్టరమ్మ నోటితోనే వచ్చింది. దాన్ని తీసుకెళ్ళి ఆ డాక్టరమ్మ బల్ల మీదే పడుకోబెట్టి కాళ్ళు ఎత్తమంటే ఎలా?

పైగా బయట బెంచీ మీద కూర్చున్న ఆడవాళ్ళు, లోపలికి వెళ్ళడానికి సిగ్గుపడేవాళ్ళు, పిన్నినే పక్కకు పిలిచి అడిగేవారు. "తెల్లమందు నీళ్ళు పోసుకో, సబ్బుతో బాగా రుద్దు" అని ఆవిడ చెప్పేది. కొందరు ఆ మాట పట్టుకుని డాక్టరమ్మను చూడకుండానే ఇంటికి వెళ్ళిపోయేవారు.

తరవాత కూతురి వంతు వచ్చింది. కూతురిది పెద్ద బట్టల షోరూములో పని. పొద్దున్నుంచి నిలబడే ఉండాలి, ఒళ్ళు బిగించే యూనిఫారం వేసుకోవాలి, కస్టమర్లు ఉంటే బాత్రూముకు వెళ్ళకూడదు. పెళ్ళయి పక్క వీధిలోనే ఉంటుంది. ఒకరోజు వచ్చి చెప్పులు విప్పుతూనే, "అమ్మా, నాకు కింద ఒకటే దురదగా ఉందే, కూర్చోలేకపోతున్నా" అంది. దానికి తల్లి సిగ్గు రాలేదు, ఎవరి పోలికో. పిన్ని తెల్లమందు సీసా చేతిలో పెట్టింది. వారం తిరక్కుండా అమ్మాయి ఒళ్ళు ఎర్రగా వాచి, నడవలేక నడుస్తూ మళ్ళీ వచ్చింది.

తన విషయంలో రాయిలా ఉన్న మనిషి, కూతురు కుంటుతూ గుమ్మం ఎక్కేసరికి కరిగిపోయింది. చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయింది.

పరీక్ష అయ్యాక డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలి అడిగింది. "ఏంటమ్మాయ్, దేంతో కడుక్కుంటున్నావు?"

"అమ్మ ఇచ్చిన తెల్లమందుతోనండి. సబ్బు పెట్టి, ఆ తర్వాత అది పోసి."

డాక్టరమ్మ పిన్ని వైపు చూసింది. "అది గాయాలు కడిగే మందు పిన్నీ. గచ్చుకూ ఒంటికీ తేడా లేదా?"

"శుభ్రంగా ఉంటుందని..." అంది పిన్ని.

"అక్కడి చర్మం చాలా పలచన. దానికి సబ్బూ వద్దు, మందూ వద్దు, సెంటు నీళ్ళూ వద్దు. పైపైన వట్టి నీళ్ళు పోసుకుంటే చాలు. లోపల అసలు కడగక్కర్లేదు, దాని పని అది చూసుకుంటుంది. మెత్తటి గుడ్డతో అద్దుకోవాలి, రుద్దకూడదు. నూలు లోబట్టలు, కాస్త వదులుగా. ఎండలో ఆరెయ్యాలి. చెమట పట్టిన బట్ట మార్చుకోవాలి. ఈ అమ్మాయికి ముందు చిన్న ఫంగస్ వచ్చింది, అది మాత్రలతో పోయేది. మీరిద్దరూ కలిసి దాన్ని కాల్చిపెట్టారు."

కూతురు పకపకా నవ్వింది. "విన్నావా అమ్మా? నన్ను బాత్రూము అనుకున్నావు."

డాక్టరమ్మ కూడా నవ్వి, మందులు రాస్తూ, తల ఎత్తకుండానే అడిగింది. "నువ్వూ అదే వాడతావా పిన్నీ? నీకూ దురద ఉందా ఏమిటి?"

ఆ ప్రశ్న కోసం ఎన్నేళ్ళు ఎదురుచూసిందో ఆవిడకే తెలుసు. తనంతట తాను చెప్పలేకపోయినా, అడిగితే అవునని తల ఊపితే సరిపోతుందని ఎన్నోసార్లు అనుకుంది. తల ఊపితే చాలు. బల్ల రెండడుగుల దూరంలో ఉంది. గదిలో ఉన్నవాళ్ళు తన కూతురూ, తన డాక్టరమ్మానూ. నోరు తెరిచింది.

"నాకేం లేదమ్మా" అంది. "నాకెందుకొస్తుంది?"

అలా అన్నందుకు ఆవిడ మీద నాకు కోపం. ఈ రోజుకీ కోపమే. కోపం వచ్చి ఏం లాభం, ఆ నోట్లోంచి ఇంకో మాట రాదని నాకూ తెలుసు.

కూతురికి నాలుగు రోజుల్లో నయమైంది. పిన్ని ఇంట్లో తెల్లమందు సీసా కిటికీ మీదికి చేరింది. వట్టి నీళ్ళు పోసుకోవడం మొదలుపెట్టింది, లోబట్టలు మొదటిసారి ఎండలో ఆరేసింది. పక్కింటివాళ్ళు ఎవరూ తలతిప్పి కూడా చూడలేదు. ఎవరూ చూడని దానికోసమా ఇన్నేళ్ళూ తడిబట్ట తొడుక్కున్నది అనుకుంటే నవ్వొచ్చింది. మంట నిజంగానే సగానికి సగం తగ్గింది. ఆవిడ ప్రాణం కుదుటపడింది. ఎవరికీ చెప్పకుండానే గండం గట్టెక్కినట్టు సంబరపడింది.

కానీ ఎడమ పక్కన ఒక పుండు మాత్రం మానలేదు. గోరు గీరుకున్న పుండే, అదే పోతుందిలే అనుకుంది. కూతురు వాడగా మిగిలిన పూతమందు రాసింది. పుండు అంచులు గట్టిపడ్డాయి. ఒక రోజు లోబట్ట మీద చిన్న ఎర్రటి మరక కనిపించింది. ముట్టు ఆగిపోయి ఎన్నో ఏళ్ళయింది. ఆవిడ ఆ బట్టను సబ్బు నీళ్ళలో నానబెట్టి, మరక పోయేదాకా రుద్ది, పోయాక ఊరుకుంది. మరక పోతే జబ్బు కూడా పోయినట్టే ఆవిడ లెక్కన. గజ్జలో ఉసిరికాయంత గడ్డ తగిలింది. బరువు ఎత్తడం వల్ల అనుకుంది. తర్వాత వాసన మొదలైంది. ఇది ఆవిడకు తెలిసిన వాసనల్లోది కాదు. దానికోసం గచ్చు మీద ఫినాయిల్ ఇంకాస్త చిక్కగా కలిపేది. వార్డులో నర్సులు ముక్కు మూసుకుని, "పిన్నీ, ఈ ఘాటుకు రోగులు చస్తారు" అని వేళాకోళం చేసేవారు.

ఒక ఉదయం పరీక్ష గది తుడిచి, తుడుపు కర్ర గోడకు ఆనించి వెనక్కి తిరిగేసరికి, అప్పుడే తుడిచిన తెల్లటి టైల్స్ మీద ఒక ఎర్రటి చుక్క. గదిలో ఇంకెవరూ లేరు. రోగులు ఇంకా రాలేదు. ఆవిడ దాని వైపు చూస్తుండగానే పాదం పక్కన ఇంకో చుక్క పడింది. వంగి గుడ్డతో తుడిచింది. లేచేసరికి గుమ్మంలో డాక్టరమ్మ.

"పిన్నీ, అది నీదేనా?"

గచ్చు మీద పడ్డ మరక ఎవరిదని అడిగితే ఆవిడ ఏనాడూ అబద్ధం చెప్పలేదు.

"నాదేనమ్మా" అంది.

డాక్టరమ్మ తలుపు వేసింది. పిన్ని బల్ల ఎక్కింది. కాళ్ళు ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. రోజూ తుడిచే, కాళ్ళు ఆనించే ఇనుప కడ్డీలు చల్లగా తగిలాయి. పైకప్పులో ఒక మూల సాలెగూడు కనిపించింది. ఎప్పుడూ కిందికి చూడటమే గానీ పడుకుని చూడలేదు కాబట్టి ఇన్నాళ్ళూ కంటపడలేదు. ఇక్కడ పడుకున్న ఆడవాళ్ళందరూ దాన్ని చూస్తూనే ఉండి ఉంటారు అనుకుని సిగ్గుపడింది.

డాక్టరమ్మ గజ్జలో గడ్డను రెండు వేళ్ళతో పట్టి చూసింది, రెండో పక్క కూడా చూసింది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. తొడుగులు విప్పి, చేతులు కడుక్కుని, కుళాయి కట్టకుండా అలాగే నిలబడింది. ఆఖరికి పిన్నే బల్ల దిగి వచ్చి ఆ కుళాయి కట్టింది.

ముక్క ఫలితం వచ్చిన రోజు డాక్టరమ్మ ఆవిడను తన ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ కుర్చీలో కూడా ఆవిడ ఎప్పుడూ కూర్చోలేదు.

"మొదట నీకు వచ్చింది ఒక చర్మం జబ్బు పిన్నీ. చర్మం తెల్లగా, కాగితంలా పలచబడిపోతుంది, విపరీతంగా దురద పెడుతుంది. ముట్టు ఆగినవాళ్ళకు ఎక్కువగా వస్తుంది. అంటుకునేది కాదు. పూర్తిగా పోదు గానీ, సరైన పూతమందు సరిగ్గా రాసుకుంటూ, అప్పుడప్పుడు నాకు చూపించుకుంటూ ఉంటే అదుపులో ఉండేది. కొద్దిమందిలో అది ఇలా మారుతుంది. అందుకే చూపించుకోమనేది."

"ఇలా అంటే క్యాన్సరా అమ్మా?"

"అవును."

పిన్ని అసలు అడగదలుచుకున్నది అడిగింది. "శుభ్రం లేక వచ్చిందా?"

"కాదు పిన్నీ. మురికికీ దీనికీ సంబంధమే లేదు. ఆ మందునీళ్ళ వల్ల మంటా పుండ్లూ ఎక్కువయ్యాయంతే. నువ్వు ఎంత మురికిగా ఉన్నా ఇది రావాలనుంటే వచ్చేది, ఎంత శుభ్రంగా ఉన్నా వచ్చేది."

క్యాన్సర్ అన్న మాటకు రాని ఏడుపు ఆ మాటకు వచ్చింది. మురికి కాదట. ఇన్నేళ్ళు గడియ పెట్టుకుని, పళ్ళు బిగబట్టి, తనను తాను కాల్చుకున్నది లేని మురికి కోసమట. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం అంటే ఏమిటో ఆవిడకు అప్పుడు తెలిసింది.

"ఎందుకు చెప్పలేదు పిన్నీ? ఇక్కడే ఉన్నావు కదా, నా పక్కనే" అంది డాక్టరమ్మ. ఆవిడ గొంతులో కోపం ఉంది, దాని కింద ఇంకేదో కూడా ఉంది.

"అందరికీ నన్నే చూపించేవారు కదమ్మా" అంది పిన్ని. నిష్ఠూరంగా అనలేదు. నిజం కాబట్టి అంది. ఆ తర్వాత డాక్టరమ్మ ఆ గదిలో ఎవరితోనూ "శుభ్రంగా ఉండాలమ్మా" అని అనలేదని నర్సులు చెబుతారు. ఏం లాభం, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

పెద్దాసుపత్రికి వెళ్ళమని చెప్పింది. ఆపరేషన్ చేసే దశ దాటిపోయిందని, గడ్డలు రెండు పక్కలా ఉన్నాయని, రేడియేషన్ కరెంటు పెడతారని, నొప్పీ రక్తమూ తగ్గుతాయని చెప్పింది. నయమవుతుందని చెప్పలేదు. పిన్ని కూడా అడగలేదు. లేచి వెళుతూ, అలవాటు కొద్దీ కుర్చీ తుడవబోయి ఆగిపోయింది.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం. ఆదివారం కాబట్టి మిక్సీ బాబాయి ఇంట్లోనే ఉన్నాడు. గుమ్మంలో కూర్చుని ఎవరిదో ఫ్యాను విప్పుకుని తీగ చుడుతున్నాడు. ఆవిడ గడప పక్కన కూలబడి, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా మొత్తం చెప్పేసింది. దురద ఎప్పుడు మొదలైందో, తెల్లమందు, పుండు, గడ్డ, పెద్దాసుపత్రి. ఆయన తీగ చుట్టడం ఆపలేదు. కొంతసేపటికి చుట్టు తప్పింది, మళ్ళీ విప్పాడు.

"అందుకా వంటగదిలోకి వెళ్ళింది?" అన్నాడు.

"అందుకే. మీకు తెలిస్తే అసహ్యించుకుంటారని."

ఆయన తీగ ఉండ కింద పెట్టాడు. "మందుల షాపతను నన్ను అడిగాడు" అన్నాడు. "తామర తగ్గిందా బాబాయ్, పిన్ని మళ్ళీ ట్యూబు పట్టుకెళ్ళింది అని. నలుగురూ ఉన్నారు అక్కడ. తగ్గిందిలే అన్నాను."

ఆవిడ భుజం మీది సంచి తీసి గడప మీద పెట్టింది.

"నాకు తామర ఉందని నువ్వు అనుకుంటున్నావేమో అనుకున్నా. అందుకే దూరంగా పడుకుంటున్నావని. పైకి చెప్పలేక ట్యూబులు తెచ్చి దాచుకుంటున్నావని. ఒళ్ళంతా వెతుక్కున్నా, ఎక్కడా కనపడలేదు. సరే, మన కంటికి కనపడకపోయినా నీ ముక్కుకు తెలుస్తుందేమో, గ్రీజు చేతులు కదా, మురికి మనిషినే కదా అనుకున్నా. కడుక్కోవడం మొదలుపెట్టా."

చేతులు చాపాడు. కిరసనాయిలూ బట్టల సబ్బూ తిని తిని ఆ చేతులు ఎండిన చెరువు నేలలా పగిలిపోయి ఉన్నాయి. వేళ్ళ సందుల్లో ఎర్రటి చీలికలు, గోకిన గుర్తులు. గ్రీజు జాడ ఎక్కడా లేదు. రోజూ అన్నం కలిపి తింటున్న చేతులు, రోజూ ఎదురుగా కనిపించిన చేతులు. ఆవిడ ఒక్కసారీ చూడలేదు.

"అడగచ్చు కదా" అంది.

"నువ్వు చెప్పచ్చు కదా" అన్నాడు.

ఇద్దరిలో ఎవరికీ కోపం రాలేదు. కోపం వచ్చినా ఎవరి మీద పడాలో తెలియదు. ఆవిడ సంచిలోంచి డాక్టరమ్మ ఇచ్చిన డబ్బా తీసింది. వాసనా రంగూ లేని వట్టి జిడ్డు మందు, చర్మం ఎండిపోకుండా రాసుకోమని ఇచ్చింది. మూత తీసి ఆయన చేతులకు రాసింది. ఒక్కో వేలూ, వేళ్ళ సందులూ, మణికట్టు దాకా. ఆయన పెళ్ళైన కొత్తలోలా చేతులు వదిలేసి కూర్చున్నాడు గానీ నవ్వలేదు.

"ఇక సబ్బు పెట్టకండి. వట్టి నీళ్ళు చాలు" అంది.

"సరే."

"కిరసనాయిల్ అసలు వద్దు."

"సరే" అన్నాడు. జిడ్డు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, "ఇక మంచం మీదికి వచ్చెయ్యి" అన్నాడు.

ఆవిడ డబ్బా మూత బిగించింది. బిగించిందే మళ్ళీ బిగించింది. "ఇప్పుడు రాలేను. ఇప్పుడు నిజంగానే వాసన వస్తోంది" అంది.

ఆయన ఫ్యాను ముక్కలు ఒక పక్కకు జరిపి లేచాడు. మంచం మీది తన దిండూ దుప్పటీ చంకన పెట్టుకుని వంటగదిలోకి వెళ్ళి, ఆవిడ చాప పక్కన ఇంకో చాప పరిచాడు.